కాఫీతోట నీడలోని కీటక ప్రపంచము



చరిత్ర యనగానే రాజులును యుద్ధములును మనకు స్ఫురించును. నేడు నేను మనవి చేయబోవునది చెట్లనీడయొక్క చరిత్ర. ఇందలి పాత్రలు చీమలు, తేనెటీగలు, పెంకుపురుగులు.

కాఫీమొక్కకు పుట్టినిల్లు ఇథియోపియా దేశపు కొండయడవులు. పెద్దచెట్ల క్రింద నెరయెండలో పెరుగుట దాని స్వభావము. బాబా బుడన్ అను ఫకీరు 17వ శతాబ్దమున అరబ్బు దేశమునుండి దీని గింజలను తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. మన దేశమున కాఫీతోటలు నేటికిని చాలవరకు చెట్లనీడనే యున్నవి. మధ్య అమెరికాలోను పూర్వ మిదియే పద్ధతి.

ఆ నీడకు ముప్పు ఒక తెగులు మూలమున వచ్చినది. 1869లో సింహళమున కాఫీయాకులపై కుంకుమ తెగులు కనబడెను. కొలది దశాబ్దములలో నచ్చటి తోటలు క్షీణింపగా, వానికి బదులు తేయాకు నాటిరి. ఆ తెగులే 1970లో బ్రెజిలు దేశమున బయటపడగా మధ్య అమెరికావారు భీతిల్లిరి. నీడలోని తేమ తెగులును పెంచునని తలంచి చెట్లను నరికిరి. ఎండకు తాళు పొట్టి వంగడములను నాటి, ఎరువులును మందులును మెండుగా వాడిరి. అధికఫలమునందలి యాశయు దీనికి తోడయ్యెను. 1996లో ప్రకటితమైన లెక్కనుబట్టి కోస్తారికాలో నూటికి 40 పాళ్లు, కొలంబియాలో 69 పాళ్లు కాఫీభూమి నీడ తగ్గించిన తోటలుగా మారెను.

పోయిన దేమి? ఐవెట్ పెర్ఫెక్టో మొదలగు శాస్త్రజ్ఞులు కోస్తారికాలోని యొక పాతతోటలో, మన బాడిద జాతికి చెందిన నీడచెట్టు కొమ్మలలోనికి మందుపొగ పంపి, రాలిన పురుగులను పట్టి లెక్కించిరి. ఆ యొక్క చెట్టుమీదనే చీమలలో 30 జాతులు, తేనెటీగ కందిరీగల వర్గమున 103 జాతులు, పెంకుపురుగులలో 126 జాతులు కానవచ్చినవి! చేరువనున్న మరియొక చెట్టు పురుగులు చాలవరకు వేరు జాతులవి. కావున ఒక చెట్టు కూలిన ఒక పల్లె కూలినట్లే.

ఇవి యన్నియు రైతునకు శత్రువులు కావు. చీమలును కందిరీగలును పైరు తిను పురుగులను పట్టి తినును. ఇండోనేషియాలోని సులవేసి దీవి తోటలలో జరిగిన పరిశోధన 2003లో వెలువడినది. మూడు జాతుల తేనెటీగలు మాత్రమే వచ్చుచోట పూతలో నూటికి 60 వంతులు పిందె కట్టగా, ఇరువది జాతులు వచ్చుచోట 90 వంతులు కట్టెను. అయితే నీడ యెంత దట్టమైన నంత మేలని తలంపరాదు. ఒంటిగా బ్రతుకు తేనెటీగలు కొన్ని వెలుగునే కోరునని యా పరిశోధనయే తెలిపినది.

ఈ విషయము మనకు దూరము కాదు. అరకు, పాడేరు కొండలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్లనీడను కాఫీని పెంచి, ఆ చెట్లకే మిరియపు తీగలను ప్రాకించుచున్నారు. కాఫీ కాండమును తొలిచెడు పురుగునకు ఎండతగులు మొక్కలన్న ప్రీతి. నీడ దానికి కొంత యడ్డు. కాని యొకేజాతి చెట్టు నిచ్చు నీడ, పనస, మామిడి, నేరేడు కలిసిన నీడతో సమానము కాదు. పూచు కాలములు వేరైన చెట్లున్నచో తేనెటీగలకు ఏడాది పొడవున మేత దొరకును.

కనుక నా మనవి యిది. నీడ మితిమీరినచో కొమ్మలను సవరింపుడు. చెట్టును మొదలంట కొట్టకుడు. కలప వెల కట్టునపుడు, ఆ చెట్టుపై నుండి జీతము లేక మీ తోటకు పనిచేయు ప్రాణులనుగూడ లెక్కలో చేర్చుకొనుడు.