ఖాళీ భూమి ఎవరికి ఖాళీ? (భాగం 9)



2020లో మిషన్ బిల్డ్ ఏపీ పేరుతో విశాఖ, గుంటూరుల్లోని ప్రభుత్వ స్థలాలను ఈ-వేలానికి పెట్టారు. ప్రకటన వచ్చింది కాబట్టి జనం హైకోర్టు మెట్లెక్కారు. పల్లెలో ప్రభుత్వ భూమి పోయేటప్పుడు ప్రకటన కూడా ఉండదు. రికార్డు మారుతుంది, అంతే.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో పుంగనూరు లాంటి జమీల బంజర్లు, చెరువులు, అడవులు ప్రభుత్వపరమయ్యాయి. ప్రభుత్వ బంజర్లలో కొంత, భూమిలేని పేదలకు డీ పట్టాలుగా అందింది. దాన్ని అమ్మకూడదని 1954లోనే జీవో 1142 చెప్పింది. అమ్మకాలు ఆగలేదు. 1977లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై పూర్తి హక్కు ఇచ్చింది. అందరికీ ఉన్న అమ్ముకునే హక్కు మనకెందుకు లేదని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ హక్కు అసలు పట్టాదారుకు, వారసులకే. ఆ అసలు పేరు ఎక్కడుంటుంది? ఫైల్లో.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఫైళ్లు కాలిపోయాయి. కేసు సీఐడీకి వెళ్లింది. ఎవరు చేశారో కోర్టు తేల్చాలి. కాలినవాటిలో మన తాతల పేర్లున్నాయేమో మనమే చూసుకోవాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులకు ఒక పని. ట్రంకుపెట్టెలోని డీ పట్టాకు ఫోటో తీయండి. మీ ఊరి 22ఏ జాబితాను, ఆర్‌ఎస్‌ఆర్ నకలును సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఖాళీ అని రాసిన ప్రతి సర్వే నంబరులో ఎవరు మేకలు మేపారో, మనవాళ్లను ఎక్కడ పూడ్చారో అవ్వాతాతల్ని అడిగి రాసుకోండి.

కాగితం కాలినా సాక్ష్యం మిగలాలి.