పావుమైలు పందెము - ఏడాది లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనాదరణ పొందిన మోటారు క్రీడలలో డ్రాగ్ రేసు ఒకటి. ఇందు మలుపులు లేవు, చుట్లు లేవు. తిన్నని బాటపై రెండు వాహనములు ప్రక్కప్రక్కన నిలుచును. పచ్చదీపము వెలిగినంతనే బయలుదేరి పావుమైలు, అనగా 1,320 అడుగులు, ముందుగా దాటినది గెలిచినట్లు. దీపము వెలుగక ముందే కదలినచో ఓటమియే. ఓడినవాడు ఇంటిదారి పట్టవలెను. గెలిచినవాడు మరియొక విజేతను ఎదుర్కొనవలెను. పదునారు వాహనములతో మొదలగు పోటీలో వరుసగా నాలుగు పరుగులు గెలిచినవానికే బహుమానము. 1975 నాటికి మేటి వాహనములు ఈ దూరమును ఆరు సెకనుల దరిదాపులలో దాటుచుండెను. విజేత పరుగులన్నియు కలిపినను అర నిమిషమునకు మించదు.

ఇట్లు రెప్పపాటులో ముగియు క్రీడయందు ఆ యేటి మేటి యెవరో నిర్ణయించుట యెట్లు? ఒక్కనాటి గెలుపు చాలునా, ఏడాది పొడుగునను చూపిన పటిమను లెక్కింపవలెనా? 1975 సంవత్సరపు పోటీల చరిత్రను ఈ దృష్టితో పరిశీలింతము.

వీధులలోను, పాడుబడిన విమానాశ్రయములలోను పందెములు వేయు యువకులను ఒక కట్టుబాటులోనికి తెచ్చుటకై వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంస్థను స్థాపించెను. 1965 మొదలుకొని 1973 వరకు, ఏటి చివర జరుగు వరల్డ్ ఫైనల్స్ అను పోటీలో గెలిచినవానినే ఆ సంస్థ ఛాంపియనుగా పరిగణించెను. ఏడాదియంతయు ఎంత శ్రమించినను ఆ యొక్క దినమున యంత్రము మొరాయించినచో ఫలము సున్న. 1974లో ఈ పద్ధతి మారి, ఏడాదిలోని పోటీలన్నిటి పాయింట్లను కూడు విధానము వచ్చెను. ఆ యేటి చివరి పోటీలో షర్ల్ గ్రీర్ అనునాతని కారు మంటలలో చిక్కి, అతని చేతులు కాలెను. తోటి పందెగాండ్రు చేయూత నిచ్చి ఆ కారును బాగుచేసిరి. ఏడాది పొడుగునను కూడబెట్టిన పాయింట్ల బలముచే ఫన్నీకార్ ఛాంపియన్ పదవి అతనికే దక్కెను. పాత పద్ధతి కొనసాగినచో ఆ మంటతోనే అతని ఆశ కాలిపోయెడిది.

1975లో జాతీయ స్థాయి పోటీలు ఎనిమిది జరిగెను. వృత్తిపందెగాండ్ర శ్రేణులు మూడు. నైట్రోమీథేను ఇంధనముతో నడచు పొడవైన సన్నని వాహనములది టాప్ ఫ్యూయల్ శ్రేణి. అదే ఇంధనముతో నడచుచు, పైకి మాత్రము మామూలు కారును పోలిన తొడుగు గలవి ఫన్నీకార్లు. దుకాణములో కొనదగు కార్ల రూపముననే ఉండి పెట్రోలుతో నడచునవి ప్రోస్టాక్ శ్రేణికి చెందును.

ఫన్నీకార్లలో డాన్ ప్రుధోమ్ ఎనిమిది పోటీలలో ఆరింటిని గెలిచి ఛాంపియనయ్యెను. ఇట్టివానికి ఏ లెక్క పెట్టినను ఒకటే. ప్రోస్టాక్‌లో ఇండియానా రాష్ట్రపు బాబ్ గ్లిడెన్ ఫోర్డు వాహనముతో వరుసగా రెండవ యేడు పదవిని నిలుపుకొనెను. ఒకప్పుడు మోటారు మెకానిక్కుగా జీవించిన ఈతడు ఇంటివారినే సహాయకులుగా చేసుకొని, తన జీవితకాలమున పది పర్యాయములు ఛాంపియను కాగలిగెను.

టాప్ ఫ్యూయల్ శ్రేణి కథ వేరు. దానిని చెప్పుటకు ఐదేండ్లు వెనుకకు పోవలెను. ఫ్లారిడా వాసి డాన్ గార్లిట్స్ అప్పటికే పేరుమోసిన పందెగాడు. ఆ కాలపు వాహనములలో యంత్రము ముందును, చోదకుడు దాని వెనుకను ఉండెడివారు. యంత్రము పగిలినచో మంటయు, మరిగిన నూనెయు, ఇనుపముక్కలును అతని మీదికే వచ్చును. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ వద్ద గార్లిట్స్ వాహనపు ట్రాన్స్‌మిషన్ ప్రేలి, వాహనము రెండు తునకలయ్యెను. అతని కుడి పాదములో కొంతభాగము తెగిపోయెను. ఒక ప్రేక్షకునికిని తీవ్రమైన గాయము తగిలెను.

కోలుకొనుచున్న దినములలోనే గార్లిట్స్ యంత్రమును చోదకుని వెనుకకు మార్చు ఆలోచనలో పడెను. అట్టి ప్రయత్నములు అంతకుముందును జరిగినవి. కాని వాహనము అదుపు తప్పునను భయము అందరిలో ఉండెను. గార్లిట్స్ బృందము చేసిన తొలి ప్రయోగములలోను వాహనము అటునిటు ఊగులాడెను. చుక్కాని త్రిప్పినంతనే చక్రములు అతిగా తిరుగుటయే దోషమని గ్రహించి, దాని చురుకును తగ్గించిరి. వాహనము తిన్నగా సాగెను. 1971 ఆరంభమున పోమోనాలో జరిగిన వింటర్ నేషనల్స్ పోటీని దానితోనే గార్లిట్స్ గెలిచెను. ఏవగించుకొన్నవారే కొలది యేండ్లలో ఆ మార్గము పట్టిరి.

1975 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఒంటారియో పట్టణమున చివరి పోటీ వచ్చెను. అప్పటికి గార్లిట్స్ పాయింట్లలో గత సంవత్సరపు ఛాంపియన్ గారీ బెక్ కంటె వెనుకబడియుండెను. నూతన జాతీయ రికార్డు నెలకొల్పినవారికి అదనపు పాయింట్లు ఇచ్చు నియమము ఒకటి అప్పుడు ఉండెను. గార్లిట్స్ 5.63 సెకనులలో పావుమైలు దాటి, గంటకు 250.69 మైళ్ల వేగము నందుకొనెను. 250 మైళ్ల హద్దు మీరుట అదియే మొదటిసారి. ఆ రికార్డుల బలముతో అతడు బెక్‌ను దాటి ఛాంపియనయ్యెను. అదే పట్టణమున ప్రుధోమ్ 5.98 సెకనులలో పరుగు ముగించి, ఆరు సెకనుల లోపు దాటిన తొలి ఫన్నీకార్ చోదకుడయ్యెను.

ఇచ్చట ఒక విశేషము గలదు. ఏడాది లెక్కకై ఏర్పరచిన విధానములోనే, చివరకు ఆరు సెకనులైన నిండని పరుగు ఆ లెక్కను తారుమారు చేసినది. కాని ఆ పరుగు ఒక్కనాటి అదృష్టము కాదు. దాని వెనుక ఐదేండ్ల పరిశ్రమయు, కోల్పోయిన పాదపు బాధయు కలవు. ఏడాది లెక్కకును అందని కృషి యది.

ఆ వాదము అంతటితో సమసిపోలేదు. 2007లో సంస్థ మరల నియమములను మార్చి, ఏటి చివరి కొలది పోటీలకు ముందు పాయింట్ల వ్యత్యాసములను కుదించి సర్దు పద్ధతిని తెచ్చెను. ఏడాది శ్రమకును చివరి ఘట్టపు ఉత్కంఠకును నడుమ రాజీ యది. 2008లో స్కాట్ కాలిట్టా అను చోదకుడు ప్రమాదమున మరణింపగా, నైట్రో వాహనములకు పావుమైలును 1,000 అడుగులకు తగ్గించిరి. ఛాంపియన్ల పట్టికలో 1975 ఎదుట మూడు పేర్లు మాత్రమే కనబడును. అందు గార్లిట్స్ పేరు చదువునపుడు, నేటికిని టాప్ ఫ్యూయల్ చోదకులందరును యంత్రమునకు ముందే కూర్చుండుచున్నారను సంగతిని కూడ స్మరించుట న్యాయము.