వంపుల చుట్టూ చెక్క నేల

చెక్క పలకలతో నేల పరిచేటప్పుడు గుండ్రటి స్తంభమో, మెట్ల మలుపో, నీటి గొట్టమో అడ్డొస్తే పలకను ఆ ఆకారానికి సరిపడా కోసి అమర్చే పని ఇది. నిజామాబాద్, బోధన్ ప్రాంతానికి ఈ పని కొత్త. దానికి కావలసిన నేర్పు మాత్రం పాతదే. అది ఇంటి నేలలో కాక బండి చక్రంలో ఉండేది.

ఇందూరు, అంటే నిజామాబాద్, పాత ఇళ్ళలో కలప నెత్తి మీద ఉండేది, కాళ్ళ కింద కాదు. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన చెక్కలు, వాటి మీద మట్టి: అదీ మిద్దె. కింద అలికిన నేల, కలిగినవాళ్ళ ఇంట డంగుసున్నం గచ్చు. తడిగా ఉండగానే పరిచే నేలకు స్తంభం గుండ్రమా, చదరమా అన్న పేచీ లేదు. పాతిన రోలును కూడా గచ్చే వెళ్ళి చుట్టుకునేది. చిక్కంతా షాబాదు, తాండూరు బండలతో వచ్చింది. మేస్త్రీ బండను ఉలితో వంపుగా కొట్టి, మిగిలిన సందును సిమెంటుతో పూడ్చేస్తాడు. చెక్కకు ఆ వీలు లేదు. వానాకాలం తేమకు అది ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది.

ఈ సంగతి బండి చక్రాలు చేసే వడ్రంగికి బాగా తెలుసు. 1931లో నిజాంసాగర్ జలాశయం పూర్తయి, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిశాక చెరకు మోసే ఎడ్లబండ్లకు గిరాకీ కలిగింది. చక్రానికి సాధారణంగా పన్నెండు ఆకులు, వాటి చుట్టూ అంచుగా వంపు తిరిగిన ఆరు చెక్క ముక్కలు, అంటే పూటీలు. ఒక్క ఫర్మా (నమూనా) పెట్టి గీసి పూటీలన్నీ ఒకే వంపుకు కోస్తారు. పూటీల మధ్య కొద్దిపాటి సందు వదులుతారు. ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా ఎక్కించి నీళ్ళు పోస్తే అది బిగిసి సందులు మూసుకుంటాయి. ఎంత వదలాలన్నదే అసలు విద్య. రబ్బరు టైర్లు, ట్రాక్టర్లు వచ్చాక ఆ విద్యకు పని తగ్గింది. ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది.

కాళ్ళ కింద చెక్క పరిచే అలవాటు ఎక్కువగా చలి దేశాలది. ఫ్రాన్సులో 1684 ప్రాంతంలో వెర్సాయ్ రాజభవనపు పాలరాతి నేలలు తీసి చెక్క వేశారు. రాతిని కడిగిన నీళ్ళు కిందికి దిగి దూలాలు కుళ్ళడమే కారణం. తెలంగాణలో చూడదగ్గ పాత ఉదాహరణ హైదరాబాద్ కోఠీలో ఉంది: 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అప్పటి రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ, తర్వాత మహిళా కళాశాల. దాని దర్బారు హాలుది చెక్క నేల. ఇప్పుడు మన అపార్టుమెంట్లలో చెక్క నేలగా చలామణి అయ్యేదాంట్లో చాలా భాగం లామినేట్. దాన్ని 1977లో స్వీడన్‌కు చెందిన పెర్‌స్టార్ప్ కంపెనీ రూపొందించింది. జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే పలకలు 1990ల చివర వచ్చాయి.

పలక కొత్తదైనా దాన్ని వంపుకు కోసే తీరు పాతదే. పలకను స్తంభానికి ఆనించి, కైవారం ఒక కాలు స్తంభం మీద జరుపుతూ రెండో కాలితో పలక మీద గీస్తారు. స్తంభపు వంపు పలక మీదికి దిగుతుంది. మెలికలు మరీ ఎక్కువైతే ముందు అట్టతో ఫర్మా కోసి చూసుకుంటారు. స్తంభం పలక మధ్యలో పడితే చుట్టూ దూర్చడం కుదరదు కనుక, రెండు పలకల అతుకు స్తంభం నడిమికి వచ్చేలా ముందే లెక్క వేసి, చెరొక దాంట్లో సగం వంపు కోస్తారు. గొట్టానికైతే దానికన్నా పెద్ద బెజ్జం. ఎక్కడైనా 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు తప్పదు. చక్రంలో సందు మూసుకోవాలి, నేలలో తెరిచే ఉండాలి. కనబడకుండా పుట్టీ కూరితే వానలకు పలకలు పైకి లేస్తాయి.

ద్వారబంధాల దగ్గర ఇతర దేశాల్లో బంధం అడుగునే పలక మందాన కోసి పలకను కిందికి తోస్తారు. మన ఇళ్ళలో గడప ఉంటుంది, దాన్ని కోయనివ్వరు. పైగా గడప కడిగి పసుపు రాసేటప్పుడు ఆ నీళ్ళు సందులోకి దిగుతాయి, వెర్సాయ్‌లో దూలాల మీదికి దిగినట్టే. అందుకే ఆ వైపు సందు మీద ఉత్త చెక్క బద్దె కొట్టి వదలకుండా, సాగే గుణమున్న సిలికాన్‌తో మూస్తారు.