దెయ్యం పేరున్న బీరు, మా తాత కల్లు

ముందే చెప్పేస్తున్నా, నేనేమీ పెద్ద తాగుబోతుని కాదు. గాజువాకలో పుట్టి, ఇంజనీరింగు వెలగబెట్టి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగి. ఇంట్లో మందు మాటెత్తితే నాయనమ్మ ఊరుకోదు. అలాంటి నేను మొన్నామధ్య ఆన్‌సైట్ పేరుతో మూడు నెలలు బ్రస్సెల్స్‌లో ఉన్నాను. రిలీజ్ అయిపోయిన శుక్రవారం సాయంత్రం క్లయింట్ టీమ్ వాళ్ళు ఓ బ్రాసరీకి లాక్కెళ్ళారు. బ్రాసరీ అంటే ఫ్రెంచిలో బీరు కాచే చోటు. ఇప్పుడు భోజనం పెట్టే హోటళ్ళని కూడా అలాగే పిలుస్తారు.

మెనూ తెరిస్తే బీర్లే నాలుగు పేజీలు! ఏది చెప్పాలో తెలియక తెల్లమొహం వేస్తే, ఒకాయన జాలిపడి 'గూజ్' అని ఒకటి తెప్పించాడు. ఒక్క గుక్క తాగానో లేదో, "ఓర్నాయనో, ఇది పులిసిన కల్లు కదా!" అని తెలుగులో అరిచేశాను. చిన్నప్పుడు ఊళ్ళో తాత ముంతలో మిగిలిన కల్లు దొంగచాటుగా రుచి చూసిన పాపం ఇన్నాళ్ళకి బయటపడింది :)

తర్వాత తెలిసింది, ఆ పోలిక నా భ్రమ కాదని. మామూలు బీరులో ఈస్టు కొలిచి కలుపుతారు. గూజ్‌కి మూలమైన లాంబిక్ బీరులో ఏమీ కలపరు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో రాత్రంతా తెరిచి ఉంచితే గాలిలో ఉన్న సూక్ష్మజీవులే వచ్చి పని మొదలుపెడతాయి. అందుకే చలికాలం నెలల్లోనే కాస్తారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చెక్క పీపాల్లో ఉంచి, పాతదీ కొత్తదీ కలిపితే గూజ్. మన తాటికల్లూ అంతే కదా! లొట్టిలోకి దిగిన తియ్యటి నీరు తనంతట తనే పులుస్తుంది. పులవకూడదంటే లొట్టి లోపల సున్నం రాస్తారు, అప్పుడది నీరా.

తేడా ఒక్కటే. లాంబిక్ ఏళ్ళ తరబడి నిలవుంటుంది. కల్లు ఒక్క రోజు దాటితే పుల్లటి వెనిగర్ దారి పడుతుంది. ఈ చిన్న తేడా చరిత్రలో ఎంత పని చేసిందో చూడండి.

ముందు వాళ్ళ సంగతి. 1919లో బెల్జియం న్యాయశాఖ మంత్రి ఎమిల్ వాండర్‌వెల్డే ఓ చట్టం తెచ్చాడు. ఆయన సోషలిస్టు. కూలీ డబ్బులన్నీ జిన్ లాంటి ఘాటు సారాయికి పోతున్నాయని ఆయన బాధ. కాఫీ హోటళ్ళలో, బార్లలో సారాయి అమ్మకం బంద్. దుకాణంలో కొనాలంటే ఒకేసారి రెండు లీటర్లు కొనాలి, కూలివాడికి అంత డబ్బెక్కడిది? కానీ బీరు జోలికి పోలేదు. ఘాటు కావాలన్నవాళ్ళ కోసం బీర్లే ఘాటెక్కాయి. బెల్జియంలో ఘాటు బీర్లు నిలదొక్కుకోడానికి ఇదీ ఒక కారణమంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 'విక్టరీ ఏల్' పేరుతో వచ్చిన ఒక బీరుకి 1923లో 'డువెల్' అని పేరు మార్చారు. అక్కడి యాసలో దెయ్యం అని అర్థం! 2016లో బెల్జియం బీరు సంస్కృతి యునెస్కో వారసత్వ జాబితాకి ఎక్కింది.

ఇక మన సంగతి. కల్లు కోసం మనవాళ్ళు ఏకంగా యుద్ధమే చేశారని మీలో ఎంతమందికి తెలుసు? రంప అనగానే మనకి అల్లూరి గుర్తొస్తాడు. ఆయనకంటే నాలుగు దశాబ్దాల ముందు, 1879లో, గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు జరిగింది. మన్యం వాళ్ళకి తాటికల్లు, జీలుగు కల్లు ఎండాకాలంలో తిండితో సమానం. ఇంటి అవసరానికి ఎవరి చెట్టు వాళ్ళు గీసుకునేవారు. అబ్కారీ నిబంధనలు వచ్చి ఆ హక్కుని కాంట్రాక్టర్ల చేతిలో పెట్టాయి, పైగా మునసబుదారు 'చిగురు పన్ను' ఒకటి. కడుపు మండింది. ఆ మంట మన విశాఖ జిల్లా గొలుగొండ కొండలకీ పాకింది. దాన్ని అణచడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా గీస్తే నేరం.

సర్కారు లెక్కలో ఆలోచించండి. రోజుకే పాడైపోయే కల్లుని కొండకొండకీ తిరిగి లెక్కపెట్టాలి. సారా అయితే ఒక్కచోట కాచి, కొలిచి, వేలం వేసి, నిలవ ఉంచుకోవచ్చు. ఏది ఖజానాకి సులువో వేరే చెప్పాలా?

తర్వాతి కథలో మద్యం మన ప్రభుత్వాల్నే కూల్చింది. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. 2019లో ఆంధ్రాలో ప్రభుత్వ దుకాణాలొచ్చి అలవాటైన బ్రాండ్లు మాయమయ్యాయి, 2024లో మళ్ళీ ప్రైవేటు దుకాణాలు. మనం ఏం తాగుతామో మన నాలుక కంటే ముందు జీవో నిర్ణయిస్తోంది.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా తాత తాటిచెట్లెక్కేవాడు. అరవై దాటాక కూడా మోకు కట్టుకుని ఎక్కాడట. నా ఇంజనీరింగు అడ్మిషన్ రోజున నాయనమ్మ చెవిలో చెప్పిన మాట: "తాత కల్లు గీసేవోడని ఎవులికీ సెప్పకురా."

వచ్చాక ఆవిడకి ఫోన్లో గూజ్ ఫోటో చూపించి కథంతా చెప్పాను. "మరి నువ్వు సారా కొట్టు మూయించడానికి వెళ్ళావటగా, కల్లు మాత్రం మంచిదా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. మా చిన్నాన్న సారా తాగి తాగి పోయాడు, నేను పుట్టకముందే. "కల్లు మంచిదని నేనన్నానా? తాగినోడు ఏదైనా తాగుతాడు. మీ తాత మాత్రం ఎవుల్నీ మోసం సెయ్యలేదు" అంది.

దాని మీద వాదించడానికి నా దగ్గర పాయింటేమీ లేదు. కల్లుకి యునెస్కో గుర్తింపు కావాలని నేనడగను, తాగుడు వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. కానీ బ్రస్సెల్స్‌లో బీరు కాచేవాడు తాత పేరు సీసా మీద వేసుకుంటున్నాడు. నేను మా తాత పని ఆఫీసులో చెప్పడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ శుక్రవారం చెప్పాను. ఎవరూ నవ్వలేదు. "ఎంత ఎత్తు ఉంటుంది ఆ చెట్టు?" అని అడిగారు.