వ్రాయబడిన హక్కు



సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచిన సంగతి మీరెరుగుదురు (సంఖ్యాకాండము 27). కుమారులు లేని తమ తండ్రి స్వాస్థ్యమును వారు అడిగిరి. వారి మాట న్యాయమైనదని దేవుడు సెలవిచ్చెను. ఆ అయిదుగురికి పొలమిచ్చి అంతటితో విడువక, ఇశ్రాయేలులో అట్టి కుమార్తెలందరికి అది కట్టడగా నియమించెను. దయ వేరు, కట్టడ వేరు.

ఈ భేదమును అమెరికాలోని యూటా స్త్రీలు కష్టపడి నేర్చుకొనిరి. 1870లో యూటా ఇంకను రాష్ట్రము కాలేదు. కేంద్ర ప్రభుత్వము క్రింది ప్రాంతము మాత్రమే. ఆ యేట అక్కడి శాసనసభ స్త్రీలకు ఓటు నిచ్చెను. పదునేడేండ్లు వారు ఓటు వేసిరి. 1887లో వాషింగ్టనులోని కాంగ్రెసు, అక్కడి మార్మనుల బహుభార్యాత్వమును అణచుటకు చేసిన చట్టములోనే యూటా స్త్రీలందరి ఓటును తీసివేసెను. బహుభార్యాత్వముతో ఏ సంబంధమును లేనివారు కూడ దానిని పోగొట్టుకొనిరి. ఒక చట్టమిచ్చినదానిని మరియొక చట్టము తీసికొనెను.

1895లో రాజ్యాంగము వ్రాయుటకు సాల్ట్ లేక్ నగరమున ప్రతినిధులు కూడిరి, అందరును పురుషులే. స్త్రీలు విన్నపములు పంపిరి. ఈ మాట చేర్చినయెడల యూటా రాష్ట్రమగుటకే ఆటంకము వచ్చునని బి. హెచ్. రాబర్ట్స్ గట్టిగా వాదించెను. ఆర్సన్ ఎఫ్. విట్నీ స్త్రీల పక్షమున మాటలాడెను. తుదకు పౌర, రాజకీయ, మత హక్కులన్నిటిలో స్త్రీపురుషులు సమానులని నాలుగవ అధికరణము మొదటి విభాగములో వ్రాసిరి. ఆ నవంబరులో ఓటర్లు, అనగా పురుషులే, దానిని ఆమోదించిరి. 1896 జనవరి 4న యూటా రాష్ట్రమాయెను. భయపడిన ఆటంకము రాలేదు. ఆ యేటి నవంబరులోనే వైద్యురాలగు మార్థా హ్యూస్ కానన్ రాష్ట్ర సెనేటుకు ఎన్నికయ్యెను. అమెరికాలో ఏ రాష్ట్రమునందైనను సెనేటరైన మొదటి స్త్రీ ఆమెయే. అదే ఎన్నికలో ఎదుటి పక్షమున నిలిచిన ఆమె భర్త ఓడిపోయెను!

ఇప్పుడు మన సంఘములను చూడుడి. పిడికెడు బియ్యము కూర్చువారెవరు? రోగి యింటికి ప్రార్థనకు ముందుగా నడచువారెవరు? సంఘపు కమిటీలో వారికి చోటు పాస్టరుగారి దయవలననే దొరికినయెడల, పాస్టరుగారు బదిలీయైన దినమున అది పోవచ్చును. గనుక సంఘ నిబంధనలలో దానిని వ్రాయుడి.

వ్రాయుటతో పని ముగియదు. కట్టడ దొరికినను, సెలోపెహాదు కుమార్తెలు యొర్దాను దాటిన తరువాత యెహోషువ యొద్దకు మరల వచ్చి దానిని జ్ఞాపకము చేయవలసివచ్చెను (యెహోషువ 17). అతడు వారిని త్రోసివేయలేదు. వారి భాగమును వారికిచ్చెను. మన అక్కచెల్లెండ్రు రెండవమారు అడుగవలసిన అవసరము లేకుండ మనము చేయుదము.