కొలిమి పక్కన పుట్టిన మాట

జర్మనీలో సాక్సనీ ప్రాంతపు ఫ్రైబెర్గ్ వెండి గనులకు పేరుపడ్డ ఊరు. ఖనిజం కరిగించాలంటే కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు కలప కావాలి. కలపకు కటకట వచ్చేసరికి అక్కడి గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో అడవుల పెంపకం మీద ఓ పుస్తకం రాశాడు. అడవి ఎంత పెరుగుతుందో అంతే నరుక్కోవాలి తప్ప అంతకు మించకూడదన్నది అందులో సారం. మనం 'సుస్థిరత' అంటున్నదానికి జర్మన్‌లో ఉన్న మాటకు మూలం ఈ పుస్తకమే అంటారు. ఆ మాట పుట్టింది కొలిమి పక్కనే గానీ, కెమిస్ట్రీ టీచర్ల శిక్షణలోకి రావడానికి దానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

1987లో బ్రంట్‌లాండ్ నివేదిక, 1992లో రియో సదస్సు, 2005 నుంచి 2014 దాకా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దం. మాట ఊరూరా తిరిగింది. ఆ దశాబ్దం చివర్లో బ్రెమెన్ విశ్వవిద్యాలయంలో మారైకె బుర్మైస్టర్, ఇంగో ఐల్క్స్ కాబోయే కెమిస్ట్రీ టీచర్లనే అడిగి చూశారు. సుస్థిరత మంచిదేనని వాళ్లు ఒప్పుకున్నారు. అదేమిటో చెప్పమంటే మాత్రం తడబడ్డారు. తెలిసిన కాస్తా కూడా యూనివర్సిటీ క్లాసులో విన్నది కాదు. చెప్పని పాఠం ఎవరికి వస్తుంది?

దాన్ని నేర్పడానికి బుర్మైస్టర్, ఐల్క్స్ పట్టుకున్న ఉపాయం నాకు భలే నచ్చింది. చాలామంది జర్మన్లు వాషింగ్ మెషీన్ కొనాలన్నా, వస్తువుల్ని పరీక్షించడానికి 1964లో పెట్టిన స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ సంస్థ ఇచ్చిన మార్కులు ముందు చూసుకుంటారు. బడిపిల్లల్ని అలాంటి పరీక్షకులుగా కూర్చోబెట్టి వాళ్ల ముందు ప్లాస్టిక్‌లు పెట్టారు: ఒకపక్క మామూలువి, మరోపక్క పిండిపదార్థంతో చేసింది. ప్రయోగాలు చేయాలి, ధర, పర్యావరణం, జనం మీద ప్రభావం చూడాలి, సాలెగూడు లాంటి పటంలో మార్కులు గుర్తించాలి. దేనికెంత ప్రాధాన్యమో పిల్లలే తేల్చుకోవాలి. అంకెలు అవే అయినా ఒక జట్టు తీర్పు ఇంకో జట్టుకు నచ్చకపోవచ్చు.

పిండి ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోతుంది కదా, గెలుపు దానిదేనని అనుకుంటాం. ఆ పిండి పండిన చేనుకు ఎరువెంత, నీళ్లెన్ని, ఆ నేలలో తిండిగింజలు పండేవేమో అని లెక్కకు దిగితే మార్కులు జారుతాయి.

ఈ పాఠాన్నే కాబోయే టీచర్ల కోర్సులోకీ తెచ్చారు. సమీకరణం తప్పైతే దిద్దడం వాళ్లకు తెలుసు. ఇక్కడ దిద్దడానికి జవాబుల పుస్తకం లేదు.