బండి నిదురించు చోటు

మన పల్లెలలో ఎద్దుబండి కొనదలచిన రైతు దానిని రాత్రి ఎక్కడ విప్పవలెనో ముందుగనే చూచుకొనెడివాడు. పెరడో, కొట్టమో, వాకిటి వేపచెట్టు నీడయో ఏదో ఒకటి ఉండెడిది. మోటారుకారు వచ్చిన పిమ్మట ఆ ఆలోచన మాసిపోయినది. ఇంటి ముందరి వీధియే కారుకు పెరడని పట్టణవాసులు తలపసాగిరి. అది తప్పని గట్టిగా చెప్పిన నగరములలో టోక్యో కథ మాకు ముచ్చటింపదగినదిగా తోచినది.

తగవు మాత్రము కారుకంటె పాతది. 1812లో లండను నగరమున, చేరింగ్ క్రాస్ వద్ద ప్రయాణికుల గుఱ్ఱపుబండ్లను చాలసేపు వీధిలోనే నిలిపియుంచిన యజమానిపై అభియోగము రాగా, రాజమార్గము గుఱ్ఱపుసాల కాదని న్యాయమూర్తి లార్డ్ ఎలెన్‌బరో తీర్పు చెప్పెను. వీధి పోవుటకేగాని పడియుండుటకు కాదన్నమాట. నూటయేబది సంవత్సరములకు జపాను ఇంచుమించు ఈ మాటనే శాసనముగా వ్రాసికొన్నది.

1950 తరువాత జపానులో కార్లు వేగముగ పెరిగెను. టోక్యో సందులు పెరుగలేదు. వానిలో పెక్కు కాలినడక నాటివి. ప్రక్కన కాలిబాట లేదు, ఇండ్లు కొయ్యవి. 1657లోను, 1923 నాటి భూకంపములోను ఆ నగరము అగ్నికి ఆహుతియైనది. అట్టి సందులో రాత్రి ఒక్క కారు అడ్డుగ నిలిచినచో ఫైరింజను లోనికి రాజాలదు.

1962లో శాసనము వచ్చెను. కారు రిజిస్టరు కావలెనన్న, వీధికి వెలుపల దానికొక స్థలము కలదని పోలీసువారి పత్రము తేవలెను. పటము గీయవలెను, కొలతలు చూపవలెను. స్థలము పరులదైనచో యజమాని సమ్మతి జతపరుపవలెను. అది నివాసమునకు 500 మీటర్లలోపల ఉండవలెను. ఇంతేకాక సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు గల వేళలో వీధిన ఒకేచోట 8 గంటలు కారును నిలిపియుంచుట నేరము. ఏ వేళనైనను 12 గంటలు మించరాదు.

ఇందులో మాకు నచ్చినది అడిగిన సమయము. కారు వీధికెక్కిన పిదప జరిమానా వేయుట ఏ నగరమైనను చేయగలదు. కొనక ముందే "ఎక్కడ ఉంచుదువు?" అని నిలదీయుట వేఱు. స్థలము లేని పేదకు ఇది అన్యాయము కాదా అని అడుగువారు కలరు. ప్రశ్న తేలికైనది కాదు. నెలబాడుగ కట్టలేనివాడు కారుకు దూరమగును. కాని ఆ సందులో నడచి బడికి పోవు పిల్లవానికి అసలు కారే లేదు. వాని నడకత్రోవను ఉచితముగ తీసికొనుటకు అనుమతి ఇచ్చినదెవరు?

శాసనమునకు కంతలు లేకపోలేదు. చిన్న ఇంజను గల కార్లకు సుమారు ముప్పది సంవత్సరములు ఈ పత్రము అక్కఱలేకపోయెను. వేఱొక ఊరి చిరునామా చూపి తప్పించుకొన్న ఘనులును కలరు. 1990లో సవరణ జరిగి, మరుసటి సంవత్సరము నుండి టోక్యోలో చిన్నకార్లకును స్థలము తెలుపక తప్పలేదు. అప్పుడే 500 మీటర్ల హద్దును 2 కిలోమీటర్లకు సడలించి, స్థలము గల కారు అద్దమునకు ఒక చీటీ అంటింపజేసిరి.

ఇండ్ల నడుమ నాలుగు కార్లు పట్టు ఖాళీచెక్కను గీతలు గీచి నెలబాడుగకిచ్చుట నేడు అక్కడ సామాన్యము. అద్దముపై చీటీని 2025 ఏప్రిల్‌లో తీసివేసిరి. స్థలము చూపవలసిన పని మాత్రము తప్పలేదు.